పొగ వద్దని ముందు ఎవరు అడిగారు?



పొగాకు మీద పోస్టు అనగానే మళ్ళీ క్యాన్సర్ బొమ్మలే పెడతారని అనుకోకండి. మేము చెప్పాలనుకున్నది వేరే. నలుగురు తిరిగే చోట పొగ తాగొద్దు అనే నియమం కొన్ని ప్రాంతాల్లో ముందే వచ్చింది. కొన్ని చోట్ల ఇప్పటికీ కాగితం మీదే ఉంది. ఎందుకిట్లా? మా హాస్టల్లో దీని మీద పెద్ద వాదనే నడిచింది. "చదువుకున్నోళ్ళు, డబ్బున్నోళ్ళు ఉన్న చోట అవుతది, మన ఏజెన్సీలో కాదు" అని సగం మంది తేల్చేశారు. ఆ మాట మాకు మింగుడుపడలేదు. అందుకే కూర్చుని వెతికాం.

ముందు మన సంగతే ఒప్పుకుందాం. మనలో చాలా ఇళ్ళకు ఎండాకాలం చేతిలో ఆడే డబ్బు తునికాకుదే. తెల్లారకముందే అడవికి పోయి, ఆకు తెంపి, యాభై ఆకుల కట్టలు కట్టి కల్లంలో పోస్తేనే జూన్‌లో మాకు నోటు పుస్తకాలు, చెప్పులు. ఆ ఆకు పోయేది బీడీకే. నిజామాబాద్, కరీంనగర్ వైపు ఎందరో ఆడవాళ్ళు ఆ బీడీలు చుట్టే బతుకుతున్నారు. కాబట్టి పొగ మీద నియమం అనగానే "మన నోటి కాడ కూడు తీస్తారా" అని ఎవరైనా అడిగితే అది తప్పు ప్రశ్న కాదు.

ఈ భయం మనదొక్కరిదే కాదు. అమెరికాలో కెంటకీ పొగాకు పండించే రాష్ట్రం. రాష్ట్రమంతటికీ వర్తించే పొగ నిషేధం అక్కడ చేయలేకపోయారు. పొగాకు మీద అంతగా ఆధారపడని కాలిఫోర్నియాలో మాత్రం 1988లోనే ఓటర్లు సిగరెట్టు ప్యాకెట్టు మీద 25 సెంట్ల పన్ను పెంచుకున్నారు. అక్కడ ముందు ఊర్లు, పట్టణాలు తమ నియమాలు పెట్టుకున్నాయి. 1995లో పని ప్రదేశాలకు, 1998లో బార్లకు రాష్ట్ర చట్టం వచ్చింది. అయితే అదే కెంటకీలో, పొగాకు చేల నడుమ ఉన్న లెక్సింగ్టన్ నగరం 2004లో సొంతంగా నిషేధం అమలు చేసింది. పంట అడ్డమే, కానీ దాటలేని అడ్డం కాదన్నమాట. పైగా నలుగురిలో తాగొద్దు అనడం వేరు, ఆకు కోయొద్దు అనడం వేరు.

ఇక మన దేశం. ఢిల్లీ 1996లో చట్టం చేసింది. కేరళలో మాత్రం దారి కోర్టు నుంచి వచ్చింది. ఇద్దరు మామూలు పౌరులు హైకోర్టుకు పోయారు. పక్కవాడి పొగ మేమెందుకు పీల్చాలి అన్నదే వాళ్ళ గోడు. 1999 జులైలో కోర్టు తీర్పు చెప్పింది: బహిరంగంగా పొగ తాగడం పబ్లిక్ న్యూసెన్స్, రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకు భంగం. 2001లో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. 2003లో పార్లమెంటు చట్టం, 2008 అక్టోబర్ 2 నుంచి గట్టి నిబంధనలు వచ్చాయి. చండీగఢ్ అంతకన్నా ముందే, 2007లోనే, పొగ రహిత నగరంగా ప్రకటించుకుంది. అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు సమాచార హక్కు దరఖాస్తులు పెట్టి "మీ ఆఫీసులో చట్టం అమలవుతోందా" అని వరసగా అడుగుతూ పోయారు.

"వాళ్ళు పట్నపోళ్ళు కదా" అంటారా? అయితే సిక్కిం చూడండి. కొండ రాష్ట్రం. జనంలో మూడో వంతు లెప్చా, భూటియా, లింబూ లాంటి గిరిజనులే. 2009-10 జాతీయ సర్వేలో అక్కడ పెద్దవాళ్ళలో 41.6 శాతం పొగాకు ఏదో రూపంలో వాడుతున్నారు. అట్లాంటి చోటే 2010లో పొగ రహిత రాష్ట్రం అని ప్రకటించుకున్నారు. 2016-17 సర్వే వచ్చేసరికి ఆ లెక్క 17.9కి దిగింది. ఇదంతా ఒక్క ప్రకటన వల్లే అయిందని మేము అనం. కానీ వాడకం తక్కువుంటేనే నియమం వస్తుందన్న మాట మాత్రం అక్కడ నిలబడలేదు.

మాకు అర్థమైంది ఇది. పొగ పీల్చేవాడికి నోరు, ఆ నోటి మాట వినే ఒక వేదిక, రెండూ ఉన్న చోటే నియమం ముందు వచ్చింది. కేరళలో ఆ వేదిక కోర్టు, చండీగఢ్‌లో సమాచార హక్కు, లెక్సింగ్టన్‌లో నగర కౌన్సిల్.

మరి మనకు? పెసా చట్టం వచ్చింది 1996లో. మన ఉమ్మడి రాష్ట్రం నియమాలు రాసుకుంది 2011లో. బడి, ఆసుపత్రి లాంటి సంస్థల మీద, అందులో పనిచేసే సిబ్బంది మీద అదుపు పంచాయతీతో పాటు గ్రామసభకూ ఉందని ఆ చట్టమే చెప్తుంది. కోర్టుకు పోవడానికి మనకు బస్సు ఛార్జీలుండవు గానీ, గ్రామసభ మన చెట్టు కిందనే కూర్చుంటుంది.

అడగాల్సిన అవసరమూ మనకే ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్దమ్మలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం, అదే అడ్డపొగ, మనకు తెలుసు. అంగిలి క్యాన్సర్‌కు దానికి సంబంధముందని డాక్టర్లు చాలా ఏళ్ళ నుంచి చెబుతున్నారు. ఆ అవ్వ మీద జరిమానా వేయమని మేము అడగం. పెద్దలకు పెట్టే చుట్ట జోలికీ పోం. 200 రూపాయల జరిమానా పట్నంలో ఒక సినిమా టికెట్టు, మన ఇంట్లో రెండు రోజుల కూరగాయలు. పేదోడి జేబు కొట్టి తెచ్చే మార్పు మనకొద్దు.

మేము అడిగేది చిన్నదే. ఆశ్రమ పాఠశాల గేటు లోపల, అంగన్‌వాడీలో, ఆసుపత్రి వరండాలో, సంతకు పోయే జీపులో, గ్రామసభ కూర్చున్నంత సేపు, ఎవరూ ముట్టించొద్దు. సారైనా, సర్పంచైనా, మన మావయ్యైనా. ఇది తీర్మానంగా రాయించి, చదివి వినిపించి, గోడకు అంటిద్దాం. బడికి నూరు గజాల లోపల సిగరెట్టు, గుట్కా అమ్మొద్దన్న నియమం చట్టంలో ముందే ఉంది, దాన్నీ పక్కనే రాద్దాం.

సెలవులకు ఊరికి పోయినప్పుడు ఎవరి ఊర్లో వాళ్ళు ఒక్కసారి లేచి అడగండి. ఏ ఊర్లో ఏమన్నారో కింద రాయండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో కూడా రాయండి, అది మాకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

జై ఆదివాసీ.