తలుపు వెడల్పు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని మార్చి చూడమని మాత్రం వారు అనలేదు. పెరటివైపు ఒక వసారా దించాలన్నా, వంటింటికి మరొక కిటికీ పెట్టాలన్నా ఆనాటి గృహస్థు మేస్త్రీని పిలిచి చెబితే సరిపోయేది. పునాది అతనిది, గోడ అతనిది, కప్పు అతనిది. పట్టణాలలో అపార్ట్‌మెంట్లు వెలసిన తరువాత ఈ లెక్క మారిపోయింది. ఒకరి నేల మరొకరికి కప్పు అయింది. ఈ సత్యాన్ని విజయవాడలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఒక తలుపు మూలంగా తెలుసుకున్నారు.

ఆయన కుటుంబం ఐదంతస్తుల పాత భవనంలో మూడవ అంతస్తున నివసిస్తోంది. ఎనభై ఏళ్ళు దాటిన తల్లికి తుంటి ఎముక విరిగి చక్రాల కుర్చీయే గతి అయింది. కుర్చీ వెడల్పు 26 అంగుళాలు; స్నానాలగది ద్వారం 24 అంగుళాలు. రోజుకు నాలుగైదు సార్లు కొడుకూ కోడలూ ఆమెను చేతులమీద ఎత్తి లోపలికి తీసుకొనిపోవలసి వచ్చేది. నొప్పికన్నా సిగ్గు ఆమెను ఎక్కువగా బాధించింది. వారికి శ్రమ తగ్గించాలని ఆమె మంచినీళ్ళు తాగడమే తగ్గించింది. అది గమనించిన కొడుకు ద్వారాన్ని 36 అంగుళాలకు పెంచి, గడప తీసివేయించాలని నిశ్చయించుకున్నారు. మేస్త్రీ వచ్చి ద్వారానికి కుడివైపున సుద్దముక్కతో గీత గీసి, "రెండు రోజుల పని, మాస్టారూ" అన్నాడు.

మరునాడే నివాసుల సంఘం నుండి ఒక కాగితం వచ్చింది. చేయబోయే పని వివరాలు, పటం, ఇంజనీరు అభిప్రాయం, పనివేళలు, శిథిలాలు తరలించే ఏర్పాటు, కొంత ధరావతు కావాలన్నది దాని సారాంశం. ఆయనకు కోపం వచ్చింది.

"నా ఇంట్లో మా అమ్మకు ద్వారం పెంచడానికి ఇందరి అనుమతి కావాలా?" అని సంఘం కార్యదర్శిని నిలదీశారు.

"ఆ గోడ మీది కాదని ఎవరూ అనడం లేదు, మాస్టారూ. దానిని నమ్ముకొని ఉన్నది మీరొక్కరే కాదంటున్నాం" అన్నారామె.

చట్టం చెప్పేదీ అదే. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం పునాదులు, స్తంభాలు, దూలాలు, మెట్లు మొదలైనవాటిని యజమానులందరి ఉమ్మడి ఆస్తిగా పరిగణిస్తుంది. గది యజమానిదే అయినా, గదిని మోస్తున్న స్తంభం అందరిదీ. భవన నిర్మాణాన్ని మార్చే పని అయితే సంఘం అంగీకారం చాలదు. పురపాలక సంఘం అనుమతి కూడా కావాలి.

ఇంజనీరు సంఘం వద్దనున్న పాత పటాలు తెప్పించి చూశారు. మేస్త్రీ గీత గీసిన చోట, సున్నపు పూత వెనుక ఉన్నది ఇటుక గోడ కాదు, స్తంభం. ఎడమవైపున ఉన్నది నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ. పైన కొత్త లింటెల్ వేసి దానిని కోయవచ్చునన్నారు. గడప తీస్తే నేల వాలు మార్చాలి. పాత టైల్స్ పెకలించినప్పుడు వాటి కింద నీరు దిగకుండా వేసిన పూత చెదిరితే కింది ఇంటి కప్పు కారుతుంది. కనుక ఆ పూత మళ్ళీ వేయాలన్నారు. హాలులోనూ కొత్త టైల్స్ పరిపించాలన్న ఆలోచన ఉందని తెలిసి, పాతవాటిపైనే పరిపించవద్దని హెచ్చరించారు. పదడుగుల చదరపు గదిలో అంగుళం మందాన సిమెంటు, టైల్స్ పడితే కప్పుపై సుమారు 500 కిలోల అదనపు భారం పడుతుంది.

2022 ఫిబ్రవరిలో హర్యానాలోని గురుగ్రామ్‌లో ఒక భవనపు ఆరవ అంతస్తులో మరమ్మతు జరుగుతుండగా గది కూలి, కింది అంతస్తుల గదులనూ కూల్చివేసింది. ఇద్దరు మహిళలు మరణించారు. కాంక్రీటులోని ఇనుము తుప్పుపట్టి ఆ భవనం అప్పటికే బలహీనపడిందని నిపుణులు తరువాత తేల్చారు. పై పూత ఎంత నున్నగా ఉన్నా లోపలి బలహీనతను చెప్పదు.

ఉపాధ్యాయుని కోపం చల్లారింది. కాని ఆయన ఫిర్యాదులోనూ న్యాయముంది. అనుమతి చేతికి వచ్చేసరికి మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాలూ ఆ తల్లి ఇతరుల చేతులమీదనే స్నానాలగదికి వెళ్ళింది. సంఘం సమావేశంలో ఆయన ఈ మాటే చెప్పారు. వృద్ధుల, వికలాంగుల అవసరానికి సంబంధించిన దరఖాస్తుకు ఏడు రోజులలో బదులివ్వాలని సభ్యులు తీర్మానించుకున్నారు. కింది ఇంటిలో ఉండే నర్సు రాత్రి విధులు ముగించుకొని పగలు నిద్రపోతుందని ఆయనకు అక్కడే తెలిసింది. సుత్తిపని మధ్యాహ్నం 2 గంటల నుండి 5 గంటల వరకే చేయిస్తానని ఆయనే మాట ఇచ్చారు.

పని ఐదు రోజులు పట్టింది. ఆరవనాడు తల్లి తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ ఆ ద్వారం దాటి లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుంది. కొంతసేపటికి బయటకు వచ్చి, కోడలిని పిలిచి గ్లాసు నిండా మంచినీళ్ళు అడిగింది.

నియమం పొరుగువాని క్షేమాన్ని కాపాడాలి; అదే సమయంలో దరఖాస్తు వెనుకనున్న మనిషినీ చూడాలి. ఈ రెండూ కలిసినప్పుడే పదిమంది ఒకే కప్పు కింద బ్రతకగలుగుతారు.