మెల్లగా నడిచేవారే ముందు

కొండెక్కడానికి జంట వచ్చిందంటే ముందు సంచి ఎవరి భుజాన ఉందో చూడు. బూట్లు తర్వాత చూద్దువు గాని.

మాది బుచ్చయ్యపేట. చెరుకు చేల గట్టున నిలబడితే మాడుగుల వైపు కొండలన్నీ కలిసి ఒకే గోడలా కనిపిస్తాయి. ఒక శిఖరం దిగి ఇంకోటి ఎక్కితే గాని మధ్యలో ఎంత లోయ ఉందో తెలీదు. మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కాడు. ఆయన పేరు చెప్పి, ఒక్కరోజులో నాలుగు కొండలు చూపించమనేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. చూపిస్తాను, లెక్క కుదిరితే.

లెక్కంటే 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పిందే. గంటకు 3 మైళ్లు, ఎక్కే ప్రతి 2,000 అడుగులకూ ఇంకో గంట. దిగి మళ్లీ ఎక్కేదంతా కలపాలి, అక్కడే అందరూ తప్పుతారు. 9 మైళ్లూ 4,000 అడుగులూ అయితే ఆయన లెక్కకు 5 గంటలు. నేను ఏడున్నర చెప్తాను. మంచుకు తడిసిన గడ్డి, జారే గులకరాయి, ఫొటోలు... వీటి సంగతి ఆయనకేం తెలుసు?

దారి నేర్పింది మాత్రం పాడేరు వైపు కొండదొర తాత. "పశువుల దారి గెడ్డకు పోద్ది, మనిషి దారి కనుమకు పోద్ది" అనేవాడు. పొగమంచులో నన్ను చాలాసార్లు గట్టెక్కించింది ఆ మాటే. మొదటిసారి నా లెక్క పావుగంట తేడాలో కుదిరిన రోజు తన బీడీ కట్టలోంచి ఒకటి తీసిచ్చాడు.

ఒకసారి అనకాపల్లి నుంచి రిటైరైన దంపతులు వచ్చారు. వంజంగిలో మేఘాలు చూశాక జనమంతా దిగిపోయారు, వీళ్లు పక్క కొండలు కూడా కావాలన్నారు. అటవీశాఖ వాళ్లనూ ఊరి పెద్దలనూ ముందురోజే అడిగి ఉంచాను. ఆయన చేతులూపుకుంటూ ముందు, ఆవిడ సంచితో వెనక. సంచి ఆయనకిచ్చి, చేతికర్ర ఆవిడకిచ్చి ముందు నడవమన్నాను. మెల్లగా నడిచేవారు వెనకుంటే, ముందువాళ్లు ఆగిన చోటికి చేరేసరికి వాళ్లు మళ్లీ బయల్దేరతారు. ఇక వీళ్లకి ఊపిరి తీసుకునే వేళేదీ? రెండో కొండ మీద ఆవిడే వెనక్కి తిరిగి "ఏమండీ, రండి మరి" అంది.

మూడోది దిగాక కనుమలో చోడి అంబలి తాగించాను. జంటను కలిపి అడగకు, ఇద్దరూ "బానే ఉంది" అంటారు. విడిగా అడిగితే ఆయన, "మోకాలు పట్టేస్తోంది బాబూ, ఆవిడకి చెప్పకు" అన్నాడు. ఆవిడ, "ఆయనకి మోకాలి నొప్పి, నాకు తెలీదనుకుంటారు" అంది.

"నాలుగోదాని మీద మబ్బు దిగుతోందండీ, పైకెళ్లినా ఏమీ కనపడదు" అన్నాను. మబ్బు ఉంది, కాస్త దూరంగా. ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.

కొండ నిలువునా దింపకు. అడ్డంగా, మలుపులు తిప్పుతూ దింపు. అడుగు చిన్నది, మోకాలు కొంచెం వంచి, కర్ర పల్లం వైపు. శీతాకాలంలో లోయలోకి నీడ ముందే దిగుతుంది కనుక మూడింటికల్లా కింద ఉండాలి. మేం రెండున్నరకే చేరాం.

ఆయన డబ్బులు లెక్కపెడుతుంటే ఆవిడ నన్ను పక్కకి పిలిచి, 1,680 మీటర్ల సీతమ్మకొండకి ఎప్పుడు వెళ్తే బాగుంటుందని అడిగింది. సారుకి మోకాలి పట్టీ కొన్నాక అన్నాను.