అద్దె లేని ఎర్ర లోయ
అమెరికాలోని యూటా ఎడారి. మెక్సికన్ హ్యాట్ అనే చిన్న ఊళ్లో ఆర్‌వీకి నీళ్లు నింపుకొని 163వ నంబరు హైవే ఎక్కాం. కాసేపటికి ఎడమ పక్కన మట్టిదారి: వ్యాలీ ఆఫ్ ది గాడ్స్. 27 కిలోమీటర్లు, అటూ ఇటూ ఎర్రరాతి గోపురాలు. బీఎల్ఎమ్ అనే ప్రభుత్వ శాఖ భూమి. 14 రోజుల దాకా ఫ్రీగా ఉండొచ్చు. నీళ్లుండవు, టాయిలెట్ ఉండదు, చెత్త మనమే తెచ్చుకోవాలి. పాత టైరు జాడలున్న చోటే ఆగాలి. కొత్త చోట తొక్కితే ఆ నేల కోలుకోడానికి ఏళ్లు పడుతుంది.

మంచి చోటు దొరికింది. టీ మరిగేలోపు పడమట మబ్బు. వానొస్తే ఈ మట్టి జిగురే, దాటొచ్చిన వాగు కూడా దాటలేం. స్టవ్ ఆపి బండి తిప్పేశా. ఊళ్లో డబ్బు కట్టి పడుకున్నాం.

చినుకు పడలేదు. మా ఆవిడ ఇప్పటికీ ఏడిపిస్తుంది.