అమ్మే ప్రిన్సిపాల్, అమ్మే కౌన్సెలర్

టెక్సాస్‌లో డాలస్‌కు ఉత్తరాన ప్లానో అనే ఊరుంది. అక్కడ ఒక చర్చి వాళ్లు తమ తరగతి గదుల్ని వారంలో ఒక రోజు హోమ్‌స్కూల్ కుటుంబాలకు అద్దెకిస్తారు. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునే తల్లిదండ్రులు ఆ రోజు అక్కడ కలుస్తారు. కో-ఆప్ అంటారు దీన్ని. ఎవరికి ఏ పాఠం బాగా వస్తే ఆ పాఠాన్ని వాళ్లు అందరి పిల్లలకూ చెబుతారు. ఒకప్పుడు మందుల కంపెనీలో పనిచేసిన ఒక తల్లి కెమిస్ట్రీ ప్రయోగాలు చేయిస్తోంది. పక్క గదిలో ఒక తండ్రి కాల్‌క్యులస్ చెబుతున్నాడు. వరండాలో బాస్కెట్‌బాల్ జెర్సీలు వేసుకున్న మగపిల్లలు నేలమీద కూర్చుని వ్యాసాలు దిద్దుకుంటున్నారు. ఇంట్లో చదివిన పిల్లలు కాలేజీకి ఎలా వెళతారు, బడికి వెళ్లనివాళ్లు బడి జట్టులో ఎలా ఆడతారు అన్నది దగ్గరగా చూడాలని 2025 చివర్లో అక్కడికి వెళ్లాను.

నన్ను తీసుకెళ్లినావిడది తెనాలి దగ్గర ఒక పల్లె. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తను భర్త ఉద్యోగ వీసాను ఆనుకుని వచ్చే హెచ్-4 వీసా మీద వచ్చింది కాబట్టి చాలాకాలం ఉద్యోగం చేసే వీలు లేకపోయింది. పెద్దమ్మాయి ఆరో తరగతిలో ఉండగా కోవిడ్‌తో బడులు మూతపడ్డాయి. మళ్లీ తెరిచాక అమ్మాయి వెనక్కి వెళ్లలేదు. ఇప్పుడు పన్నెండో తరగతి. తమ్ముడు తొమ్మిదిలో ఉన్నాడు. "నేనేమీ పెద్దగా ఆలోచించి చేసింది కాదక్కా. ఇంట్లో కూచుని బాగానే చదువుతోంది, రాత్రి హాయిగా నిద్రపోతోంది, అది చాలనిపించింది" అంది.

టెక్సాస్‌లో ఇది సులువే. ఆర్లింగ్టన్ బడి జిల్లా (అక్కడి ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) మీద లీపర్ అనే కుటుంబం, మరికొందరు కలిసి వేసిన దావాలో 1987లో జిల్లా కోర్టు, 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఒకే మాట చెప్పాయి: ఇంటి చదువు కూడా ప్రైవేటు బడే. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం, ఈ ఐదూ నిజాయితీగా నేర్పితే చాలు. పేరు నమోదు చేయించనక్కర్లేదు. తనిఖీకి వచ్చేవాళ్లు లేరు, ఏడాది చివర సర్కారు పరీక్షా లేదు. నాకు ఇది అంత మంచిగా అనిపించలేదు. తల్లిదండ్రులు శ్రద్ధలేని వాళ్లైతే ఆ పిల్లవాడి సంగతి కనిపెట్టే దిక్కుండదు. ఆ మాటే అక్కడ అడిగితే ఒకరిద్దరు ముఖం చిట్లించారు గానీ, మా తెనాలి ఆవిడ మాత్రం "నిజమే అక్కా, అలాంటి ఇళ్లూ ఉన్నాయి" అంది.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఈ స్వేచ్ఛ బరువేమిటో తెలుస్తుంది. పిల్లవాడు ఏం చదివాడో ఇంకెవరూ రాసిపెట్టలేదు కాబట్టి అంతా తల్లిదండ్రులే రాసిపెట్టాలి. ఆ రోజు హాల్లో ఒక మూల బల్ల చుట్టూ పదిమంది తల్లులు చేరారు. నలుగురు పిల్లల్ని కాలేజీకి పంపిన ఒక పెద్దావిడ ట్రాన్‌స్క్రిప్ట్ తయారుచేయడం చెబుతోంది. నాలుగేళ్ల కోర్సులు, క్రెడిట్లు, గ్రేడ్లు ఒకే పేజీలో రావాలి. అడుగున తేదీతో అమ్మ సంతకం. ఆ ఒక్క పేజీ వెనక ఇంకో దస్త్రం ఉండాలి: ప్రతి కోర్సుకూ ఏ పుస్తకం, ఎవరు చెప్పారు, పరీక్ష ఎలా పెట్టారు, మార్కులు ఎవరు వేశారు. "పదకొండులో కూర్చుని తొమ్మిదో తరగతిని గుర్తు తెచ్చుకోవాలని చూడకండి. గుర్తురాదు" అందావిడ. ఒకామె కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లబ్బాయి అప్పటికే పదకొండులో ఉన్నాడు. అందరూ కలిసి ఆమె ఫోన్లోని పాత ఫొటోలు, పుస్తకాల షాపు బిల్లులు, లైబ్రరీ ఖాతా వెతికి రెండేళ్ల చదువును కాగితం మీదికి తెచ్చే పనిలో పడ్డారు. ఆ రోజు నేను చూసినవాటిలో నాకు ఎక్కువ గౌరవం కలిగించింది ఆ బల్లే.

అమెరికాలో చాలా కాలేజీలకు కామన్ యాప్ అనే ఉమ్మడి దరఖాస్తు ఉంది. అందులో బడి కౌన్సెలర్ నింపాల్సిన భాగం ఒకటుంటుంది: బడి వివరాలు, ట్రాన్‌స్క్రిప్ట్, విద్యార్థి గురించి ఒక ఉత్తరం. ఇంటి చదువు పిల్లలకు ఇదంతా అమ్మే నింపుతుంది. కన్నకూతురి గురించి అపరిచితులైన అధికారులకు ఉత్తరం ఎలా రాయాలి? మా తెనాలి ఆవిడ మూడు పేజీలు రాసుకొచ్చింది. పెద్దావిడ ఎర్ర పెన్ను తీసుకుని "తెలివైనది", "కష్టజీవి" వంటి మాటలన్నీ కొట్టేసింది. అమ్మాయి చేసిన పనులు మాత్రమే మిగిలాయి: మోకాలికి దెబ్బ తగిలి పరుగు ఆపేసిన సీజన్‌లో జట్టు తాలూకు టైములన్నీ తనే లెక్కగట్టి పట్టిక వేయడం, తాతయ్య వాడే మందుల పేర్లు చదివి ఏది దేనికో తెలుగులో రాసి పంపడం. ఒక పేజీ అయింది. అసలైన ఉత్తరం అదే.

అమ్మ వేసిన గ్రేడును కాలేజీలు నమ్ముతాయా అన్నది అక్కడ అందరి గుండెలో ఉన్న ప్రశ్న. అందుకే పదకొండు, పన్నెండు తరగతుల్లో పిల్లల్ని కాలిన్ కాలేజీ లాంటి కమ్యూనిటీ కాలేజీల్లో ఒకటి రెండు కోర్సులు చదివిస్తారు. డ్యూయల్ క్రెడిట్ అంటారు. ఆ మార్కు హైస్కూలుకూ పనికొస్తుంది, కాలేజీకీ పనికొస్తుంది. పైగా అది బయటివాళ్లు వేసిన మార్కు. కాలేజీ స్థాయి పాఠాల మీద పెట్టే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు రాయాలంటే తమ దగ్గర కూర్చోనిచ్చే బడి ఒకటి దొరకాలి. మే నెల పరీక్ష కోసం సెప్టెంబరులోనే ఫోన్లు మొదలుపెట్టి, కుదరదన్న బడుల పేర్లు కొట్టేసుకుంటూ పోయానని ఒకామె చెప్పింది. టెక్సాస్‌లో బడి ర్యాంకును బట్టి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా సీటిచ్చే చట్టం 1997 నుంచి ఉంది. ఇంట్లో ఒక్కరే చదివితే ర్యాంకేముంటుంది? అదే టెస్టు స్కోరున్న మిగతా అభ్యర్థుల సగటు ర్యాంకును వీళ్లకు ఇవ్వాలని చట్టం ఇంకో దారి చూపింది. కాబట్టి ఎస్ఏటీ గానీ ఏసీటీ గానీ ప్రవేశ పరీక్ష రాయడం వీళ్లకు తప్పదు. మధ్యలో స్కోరు అడగడం మానేసిన ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం కూడా 2025లో చేరేవాళ్ల నుంచి మళ్లీ అడుగుతోంది.

ఇక ఆటలు. టెక్సాస్‌లో హైస్కూల్ ఆటంటే ఏమిటో తెలియాలంటే ప్లానో పక్కనే ఉన్న ఆలెన్ వెళ్లాలి. అక్కడి హైస్కూలు ఫుట్‌బాల్ స్టేడియంలో 18,000 మంది కూర్చోవచ్చు. 2012లో 6 కోట్ల డాలర్లతో కట్టారు. శుక్రవారం రాత్రి ఊరు ఊరంతా అక్కడే. అలాంటి చోట బడికి వెళ్లని పిల్లవాడు ఆటకు దూరమైతే అది చిన్న లోటు కాదు. ఫ్లోరిడాలో 1996లోనే చట్టం చేసి ఇంటి చదువు పిల్లల్ని బడి జట్లలోకి రానిచ్చారు. ఆ దారిన ఆడిన టిమ్ టీబో 2007లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అతి పెద్ద బహుమతి హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. టెక్సాస్ మాత్రం 2021 దాకా తలుపు తీయలేదు. అప్పుడు కూడా ఒప్పుకోవడం ఆయా బడి జిల్లాల ఇష్టానికి వదిలింది. 2025లో ఆ నియమాన్ని తిరగేశారు. జిల్లా బోర్డు వద్దని తీర్మానిస్తే తప్ప ఇప్పుడు ఆడనివ్వాలి. పిల్లవాడు ఆ తరగతికి తగ్గట్టు చదువుతున్నాడని దేశవ్యాప్తంగా గుర్తింపున్న ఒక టెస్టుతో చూపించాలి. సీజన్ నడుస్తున్నంత కాలం అన్ని సబ్జెక్టుల్లోనూ పాసవుతున్నాడని తల్లిదండ్రులు రాసిస్తుండాలి.

తెనాలి వాళ్ల అమ్మాయి క్రాస్ కంట్రీ పరుగు తీస్తుంది. తెల్లారకముందే వాళ్ల వీధి హైస్కూలు మైదానానికి ఆమెతో వెళ్లాను. వేడెక్కకముందే పరుగు ముగించాలని కోచ్ గడియారం చూస్తున్నాడు. పాతికమంది ఆడపిల్లలు గుంపుగా కదిలి, చీకట్లోనే చెరువు గట్టు వైపు మలుపు తిరిగి కనపడకుండా పోయారు. తిరిగొచ్చేసరికి ముఖాలు ఎర్రగా, మాటల మీద మాటలు. బడివాళ్లు నిన్ను బయటిదానిగా చూడరా అని అడిగాను. "మొదట్లో చూశారు ఆంటీ. నేను వాళ్లతో లంచ్ తినను, క్లాసులో కూర్చోను. కానీ రోజూ నాలుగు మైళ్లు పక్కపక్కన పరిగెత్తితే ఎన్నాళ్లని కొత్తగా ఉంటాం?" అంది.

కో-ఆప్‌లో కనబడిన బాస్కెట్‌బాల్ పిల్లలది వేరే దారి. బడి జట్ల జోలికి పోకుండా హోమ్‌స్కూల్ కుటుంబాలే సొంత జట్లు కట్టుకుంటాయి. మిజోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వాళ్లకు ఏటా జాతీయ పోటీలుంటాయి. తండ్రులే కోచ్‌లు, తల్లులే స్కోరర్లు.

కాలేజీలో ఆడాలనుకునేవాళ్లకు కాగితాల పని ఇంకో మెట్టు పైకి పోతుంది. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ మొదటి రెండు డివిజన్ల కోసం 16 మూల కోర్సులు అడుగుతుంది. డివిజన్ 1కి వాటిలో సగటు గ్రేడ్ పాయింటు 2.3 రావాలి, అందులో 10 కోర్సులు పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. బడి పిల్లలకు ఆ జాబితా బడి దగ్గరే ఉంటుంది. ఇంటి చదువువాళ్లు ప్రతి కోర్సుకూ విడిగా పత్రం నింపి, రాష్ట్ర చట్టం ప్రకారమే చదువు చెప్పామని సంతకం పెట్టివ్వాలి. ఒక పొడుగాటి కుర్రాడి తల్లి తన ఫైలు చూపించింది. ఇంగ్లీషు నాలుగేళ్లకు నాలుగు రంగుల విభాగాలు. హైస్కూల్లో ఆడేవాళ్లలో ఏ స్థాయిలోనైనా కాలేజీ జట్టు దాకా వెళ్లేది నూటికి సుమారు ఏడుగురే. ఈ సంగతి ఆమెకు తెలుసు, కుర్రాడికీ తెలుసు. క్రీడా స్కాలర్‌షిప్పులివ్వని డివిజన్ 3 కాలేజీలను కూడా అతను ఇష్టంగానే తన జాబితాలో పెట్టుకున్నాడు. "అక్కడైతే నన్ను బెంచీ మీద కూర్చోబెట్టరు, ఆడిస్తారు" అన్నాడు.

ఆ రాత్రి తెనాలి వాళ్లింట్లో భోజనాలయ్యాక అమ్మాయి ఒక కాగితం పరిచింది. కాలేజీ పేర్లు, ఫీజు, జట్టు, కోర్సు, ఇంటి నుంచి దూరం. టెక్సాస్ ఏ అండ్ ఎం ఉంది, డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం ఉంది, శాన్ ఆంటోనియోలో డివిజన్ 3లో ఆడే ట్రినిటీ ఉంది. తండ్రి కళ్లు ఫీజు గడి మీదే ఉన్నాయి. గ్రీన్‌కార్డు క్యూ కదలడం లేదు. హెచ్-4 పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సాయం రాదు. ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది, స్టూడెంట్ వీసాకు మారాలి. అక్కడి తెలుగు ఇళ్లలో కాలేజీ మాటల మధ్య ఈ లెక్క ఎప్పుడూ కూర్చుని ఉంటుంది. కో-ఆప్‌లో ఆ తల్లుల బల్ల దగ్గర నాకు వినబడనిది ఇదే. దగ్గరలో చేరితే హాస్టల్ ఖర్చు తగ్గుతుందని తండ్రి. శరీర కదలికల శాస్త్రం కినీషియాలజీ చదివి, పరుగు కూడా ఆపకూడదని కూతురు. గొంతులు కాస్త లేచాయి. ఏదీ తేలలేదు. మళ్లీ ఆదివారం మాట్లాడదామని కాగితం మడిచి ఫ్రిజ్ మీద పెట్టారు.

అమ్మాయి లేచి వెళ్లాక ఆయన నాతో అన్నాడు: "మా నాన్న నన్ను ఎంపీసీలో చేర్చి, ఫీజు కట్టి, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పారండి. ఆయన ప్రేమలో లోపం లేదు. కానీ నన్ను అడగొచ్చని ఆయనకు తోచలేదు."

ఆ ఇంటి ఖర్చులో పైకి కనబడని భాగం తల్లిది. కో-ఆప్‌లో ఆ రోజు తండ్రులు ఇద్దరో ముగ్గురో కనిపించారు, మిగతా అందరూ తల్లులే. వాళ్లలో ఇంజనీర్లున్నారు, నర్సులున్నారు, మానేసిన ఉద్యోగాలున్నాయి. ఇంటి చదువును మెచ్చుకునేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి.

మన దగ్గరా ఇలాంటి చదువు లేకపోలేదు. హైదరాబాద్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఇంట్లోనే చదివి ఎనిమిదేళ్లకు పదో తరగతి, పదమూడేళ్లకు డిగ్రీ, ఇరవై రెండేళ్లకు ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పొందింది. 1989లో పుట్టిన జాతీయ ఓపెన్ స్కూల్ ద్వారా బడికి వెళ్లకుండానే పది, పన్నెండు రాయవచ్చు. అయితే ప్లానోలో నేను చూసిన పిల్లల్లో వయసుకు మించి పరుగెత్తినవాళ్లు లేరు. నాలుగేళ్లూ నాలుగేళ్లుగానే గడుపుతున్నారు. తామే ఎంచుకోవడం, తామే ఆడడం నేర్చుకుంటున్నారు. నాకు నచ్చింది అదే.

మనలో చాలామందికి ఉద్యోగాలు మాని పిల్లలకు ఇంట్లో చదువు చెప్పే వీలు లేదు. చెప్పాలని నేను అననూ అనను. కానీ వచ్చే వేసవిలో ఇంటర్ కాలేజీ గడప తొక్కే తల్లిదండ్రులను రెండు అడుగుతున్నాను. అడ్మిషన్ ఫారం మీద సంతకం పెట్టేముందు మీ అబ్బాయినో అమ్మాయినో వెంట తీసుకెళ్లండి, ఏ గ్రూపు కావాలో వాళ్ల నోటితో చెప్పనివ్వండి. మైదానం ఎక్కడుందో ఆ కాలేజీ వాళ్లను అడగండి. లేదంటే ఇంకో కాలేజీ చూడండి.