చెరిపేసిన చుక్క

మా ఇంట్లో అటకెక్కిన వస్తువు మళ్ళీ కిందకి దిగదు. పాత కుక్కరు, కాలు విరిగిన పీట, పిల్లల ఊయల... అలా ఎక్కినవాటిలో మా అమ్మాయి పెన్ టాబ్లెట్ ఒకటి. 2020లో స్కూళ్ళు మూతబడి పాఠాలన్నీ కంప్యూటర్లోకి వచ్చినప్పుడు, మౌస్‌తో లెక్కలు రాయలేకపోతున్నానని గోల చేస్తే కొన్నాం. రెండేళ్ళు వాడింది. హాస్టల్‌కి వెళ్తూ వదిలేసి వెళ్ళింది.

పోయిన వానాకాలం అది కిందకి దిగింది. అందుకు కారణం అత్తయ్య ఫోటో.

అత్తయ్య బీరువాలో, పట్టుచీరల కింద, ఒక చిన్న ఫ్రేము ఉంటుంది. నాలుగంగుళాల పొడుగు, మూడంగుళాల వెడల్పు ఉన్న నలుపు తెలుపు ఫోటో. రెండేళ్ళ పాప, గౌను వేసుకుని కుర్చీ పట్టుకుని నిలబడి ఉంటుంది. మావారికంటే ముందు పుట్టిన పిల్ల. మూడేళ్ళు నిండకుండానే పోయింది. ఆ పాపకి ఉన్నది ఆ ఒక్క ఫోటోనే. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్ళయినా, అత్తయ్య ఆ పిల్ల గురించి మాట్లాడటం నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఆ వానలకి గోడ చెమ్మగిల్లి, బీరువా వెనక రేకు తుప్పు పట్టింది. చీరలు ఎండలో వేద్దామని తీస్తుంటే ఫ్రేము బయటపడింది. ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంది. ముఖం మీదా గౌను మీదా బూజు మచ్చలు. కింద ఎడమ మూల పురుగు కొట్టేసి, పాప ఎడమ చేతి దగ్గర చిల్లు. అత్తయ్య చూసి ఏమీ అనలేదు. పమిట చెంగుతో అద్దం తుడిచారు. మచ్చలు లోపలున్నాయి కదా, పోలేదు. మళ్ళీ తుడిచారు. అది చూడలేక ఫోటో తీసుకుని జిరాక్స్ షాపుకి వెళ్ళాను.

అక్కడి కుర్రాడు అద్దం మీంచి ఫోటో ఊడదీస్తానన్నాడు. వద్దన్నాను. పాత ఫోటోల మీద బొమ్మ ఉండేది పైనున్న పల్చటి జెలటిన్ పొరలో. తడికి అది ఉబ్బి అద్దానికి అతుక్కుంటుంది. బలవంతంగా లాగితే కాగితం మన చేతికొస్తుంది, ముఖం అద్దానికే ఉండిపోతుంది. అందుకని అద్దంతో పాటే 600 డీపీఐలో, రంగుల్లోనే స్కాన్ చేయించాను. నలుపు తెలుపు ఫోటోకి రంగుల స్కాన్ ఎందుకండీ అన్నాడు. ఫోన్లో మా అమ్మాయి అలాగే చేయించమంది మరి.

ఆ కుర్రాడు మంచివాడే. తన ఫోన్లో ఏదో యాప్‌లో పెట్టి, నిమిషంలో బాగుచేసి చూపించాడు. ఒక్క మచ్చ లేదు. నున్నటి బుగ్గలు, మెరిసే కళ్ళు, రంగులు కూడా వేసింది. సంబరంగా ఇంటికి పట్టుకొచ్చి అత్తయ్యకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "బాగుంది పిల్ల. ఎవరమ్మాయే?" అన్నారు.

ఆ రాత్రే స్టూలు వేసుకుని అటకెక్కాను.

పెన్ టాబ్లెట్ చూడనివాళ్ళ కోసం చెప్తాను. చూడ్డానికి చిన్నప్పటి పలకలాగే ఉంటుంది. మాది తెర లేని రకం, అంటే దాని మీద ఏమీ కనిపించదు. రాసేది పలక మీద, కనిపించేది కంప్యూటర్ తెర మీద. పెన్నులో బ్యాటరీ ఉండదు. పలక లోపలున్న సన్నటి తీగల నుంచి వచ్చే విద్యుదయస్కాంత తరంగాల శక్తితోనే అది పనిచేస్తుంది. పెన్ను ఆనకుండా అరంగుళం లోపు ఎత్తున కదిలించినా తెర మీద బాణం కదులుతుంది. నొక్కితే గీత లావు, తేలిగ్గా పట్టుకుంటే సన్నం. మా డబ్బా మీద 8192 స్థాయిల ఒత్తిడి అని రాసి ఉంది. అన్ని స్థాయిలు మన చేతికి తెలియవు గానీ, ముగ్గుపిండి వదిలేటప్పుడు వేళ్ళ బిగువు మార్చినట్టే ఉంటుంది.

మొదటి రోజు ఏడు చుక్కల ముగ్గు వేద్దామని కూర్చున్నాను. ముప్పై ఏళ్ళుగా వాకిట్లో వేస్తున్న చెయ్యి, రెండు చుక్కల్ని కలపలేకపోయింది! చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట. కళ్ళు మాటిమాటికీ పెన్ను వైపు దిగిపోతాయి. దిగితే అక్కడ ఏమీ ఉండదు. పైగా నేను గుండ్రంగా గీస్తే తెర మీద కోడిగుడ్డు వచ్చేది. మా అమ్మాయికి ఫోన్ చేస్తే నవ్వి, "అమ్మా, పలక కొలతలు, తెర కొలతలు ఒకే నిష్పత్తిలో లేవు. సెట్టింగ్స్‌లో మార్చు" అంది. మార్చాక గుడ్డు సున్నా అయింది.

పది రోజులు, వంట అయ్యాక గంట చొప్పున, అక్షరాలు దిద్దాను. అ, ఆ, ఇ, ఈ. తెలుగు బీఏ చదివినదాన్ని, నలభై అయిదేళ్ళకి మళ్ళీ పలక పట్టాను. పదకొండో రోజుకి కళ్ళు తెర మీదే ఉన్నాయి. చారు పోపు చూస్తూ చపాతీ వత్తుతాం కదా, అదే పని అనిపించింది. ప్లాస్టిక్ మీద పెన్ను జారుతుంటే, పైన పల్చటి తెల్లకాగితం ఒకటి పరిచాను. కాగితం మీంచి కూడా పెన్ను పనిచేస్తుంది, రాస్తున్నట్టుంటుంది. కాకపోతే పాళీ త్వరగా అరుగుతుంది. డబ్బాలో విడి పాళీలు ఇస్తారు, పారేయకండి.

ఇక ఫోటో పని. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చేశాను. మా అమ్మాయి నేర్పిన మొదటి నియమం, అసలు ఫోటోని ముట్టుకోకూడదు. దాని మీద కనిపించని గాజు కాగితం పరిచినట్టు కొత్త లేయర్ వేసుకుని, చేసే మరమ్మతంతా దాని మీదే చెయ్యాలి. లేయర్ పక్కన కన్ను గుర్తు ఉంటుంది. అది నొక్కితే మనం చేసింది మాయమై, కింద అసలుది కనిపిస్తుంది. నేను ముందు అసలు స్కాన్‌కి ఒక నకలు తీసి, పసుపు రంగు పోవడానికి దాన్ని నలుపు తెలుపుగా మార్చాను. దానిపైన మరమ్మతు లేయర్.

మచ్చ పోగొట్టడానికి హీల్ అని ఒక పనిముట్టు ఉంది. పక్కనున్న మంచి చోటు ముందు చూపించి, తర్వాత మచ్చ మీద పెన్నుతో రుద్దితే, అక్కడి వెలుగునీడలకి తగ్గట్టు పూడుస్తుంది. పాత స్టూడియోల్లో నెగెటివ్‌కి వెనక వెలుగు పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఈ పనే చేసేవారు. నెగెటివ్ మీద నల్లగా దిద్దిన చోటు ప్రింట్లో తెల్లబడుతుంది. అప్పుడు చెయ్యి తప్పితే నెగెటివ్‌కే ముప్పు. ఇప్పుడు ఎడమ చేత్తో రెండు మీటలు నొక్కితే చేసిన తప్పు వెనక్కి పోతుంది. ఆ ధైర్యంతోనే రోజుకి పాతిక మచ్చల చొప్పున పూడ్చుకుంటూ వెళ్ళాను. గౌను అయింది, కుర్చీ అయింది, నుదురు అయింది, బుగ్గలు అయ్యాయి. మచ్చ కనిపించడం, పెన్ను తగలడం, అది పోవడం. ఇల్లు తుడిచినట్టే హాయిగా ఉండేది.

మూడు వారాలయ్యాక అత్తయ్యని పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఈసారి ఎవరమ్మాయే అని అడగలేదు. ముందుకి వంగి తెర మీద చెయ్యి వేశారు. నాకు గొంతు పట్టేసింది. ఇంతలో వేలు కుడి బుగ్గ మీదకి వచ్చి ఆగింది.

"అమ్మాయ్, దిష్టిచుక్క ఏదీ?"

నాకు అర్థం కాలేదు. "చుక్కేంటి అత్తయ్యా?"

"బుగ్గ మీద చుక్క. నేను పెట్టింది."

మరమ్మతు లేయర్ కన్ను మూశాను. మచ్చలన్నీ తిరిగొచ్చాయి. కుడి బుగ్గ మీద మూడు ఉన్నాయి, మూడూ ఒకేలా బూడిద రంగులో. నలుపు తెలుపు నకలు కన్ను కూడా మూశాను. అప్పుడు కనబడింది. రంగుల స్కాన్‌లో రెండు మచ్చలు గోధుమ రంగు, ఒకటి మాత్రం నలుపు. వేలితో అద్దినట్టు అంచు కాస్త చెదిరిన నలుపు. నలుపు తెలుపుగా మార్చగానే బూజూ కాటుకా ఒకే రంగయిపోయాయి. నేను మూడిటినీ ఒకే చేత్తో తుడిచేశాను. ఫోన్లో యాప్ చేసిన పనికి ముఖం చిట్లించినదాన్ని, మూడు వారాలు కష్టపడి చేసిందీ అదే పని.

అత్తయ్య తెర వైపు చూస్తూనే మాట్లాడారు. 1973లో, తెనాలిలో, పాప రెండో పుట్టినరోజుకి స్టూడియోకి తీసుకెళ్ళారట. ఇంట్లో ఆముదం దీపం మీద పట్టిన కాటుక తనే వేలితో పెట్టారట. స్టూడియో ఆయన, ఫోటోలో మరకలా పడుతుంది తుడిచెయ్యమ్మా అంటే, "మరకైతే అయింది, పిల్ల ముఖం మీద ఉండాల్సిందే" అన్నారట. ఆ పై వేసవిలో తట్టు వచ్చి, దాని మీద జ్వరం తగ్గక, నాలుగు రోజుల్లో పోయిందట.

"పెట్టినా ఆగలేదుగా" అన్నారు. "ఆ తర్వాత నీ మొగుడికీ పెట్టలేదు, నీ కూతురికీ పెట్టలేదు. కాటుక వేలికి అంటితే చాలు, అదే గుర్తొచ్చేది."

నేను కుర్చీలో కదల్లేకపోయాను. మా అమ్మాయి పుట్టినప్పుడు మా అమ్మ రోజూ స్నానం చేయించి చుక్క పెట్టేది. అత్తయ్య వచ్చే వేళకి కాటుక డబ్బా తీస్తే ముఖం తిప్పుకుని లేచి వెళ్ళిపోయేవారు. ఒక్కసారి కూడా తన చేత్తో పెట్టలేదు. ఆడపిల్ల పుట్టిందని ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను. మా అమ్మతోనూ అదే అన్నాను. ఇరవై ఏళ్ళు ఆ మాట మనసులో ఉంచుకునే ఆవిడకి కాఫీ ఇచ్చాను, కాళ్ళ నొప్పులకి నూనె రాశాను. ఎందుకు పెట్టరని అడగలేదు.

ఆ సాయంత్రం ఆవిడకి ఇదేమీ చెప్పలేదు. ఏమని చెప్తాను? రెండో కుర్చీ తెచ్చి పక్కన వేశాను. మరమ్మతు లేయర్‌లో బుగ్గ మీద చిన్న మేర రబ్బరుతో చెరిపితే, కిందున్న చుక్క తిరిగొచ్చింది. లేయర్ మీద చెయ్యడం వల్ల ఆ ఒక్క మేలు జరిగింది. ఆ తర్వాత వారం రోజులు ఇద్దరం కలిసి కూర్చున్నాం. ఒక్కో మచ్చ చూపించి అడిగేదాన్ని. "ఇదేంటి అత్తయ్యా?" "అది బూజే, తీసెయ్." "ఇది?" "ఆగు, అది గౌను మీద కుట్టిన పువ్వు. మా అక్క కుట్టింది." కనుబొమ్మ మీద గీతని గీరుడు అనుకున్నాను. గడప మీద పడితే తగిలిన దెబ్బట. ఉంచాను. నా పెన్ను కంటే ఆవిడ వేలే ఎక్కువ పని చేసింది. మధ్య మధ్యలో పాప కబుర్లు. పెరుగన్నం కోసం పేచీ పెట్టేదని, కోడిని "కోకో" అనేదని.

ఎడమ చెయ్యి దగ్గర చిల్లు మాత్రం మిగిలింది. కుడి చేతిని తిప్పి అతికించవచ్చు, ఆ పద్ధతి ఉంది. గుప్పిట మూసి ఉందా, తెరిచి ఉందా అని అడిగాను. అత్తయ్య కళ్ళు మూసుకుని ఆలోచించారు. "గుర్తు లేదమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటకే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. అక్కడ ఏమీ గీయలేదు. చుట్టూ ఉన్న బూడిద రంగుని మెత్తగా కలిపి వదిలేశాను.

మెరుపు లేని కాగితం మీద పెద్ద ప్రింటు తీయించి హాల్లో పెట్టాం. పాత ఫ్రేముని నూలుబట్టలో చుట్టి, గోడకి తగలని అరలో ఉంచాను. సంక్రాంతికి ఇంటికొచ్చిన మా అమ్మాయి ఫోటో చూసి, "నాయనమ్మా, బుగ్గ మీద ఏంటది, మరకా?" అంది. అత్తయ్య లేచి దేవుడి గదిలోకి వెళ్ళి కాటుక డబ్బా తెచ్చారు. ఇరవై ఏళ్ళ పిల్ల గడ్డం పట్టుకుని, బుగ్గ మీద చుక్క పెట్టారు. వేలు వణికి కాస్త చెదిరింది. తుడుచుకోబోతుంటే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

టాబ్లెట్ మళ్ళీ అటకెక్కలేదు. ఇప్పుడు మా అమ్మ పెళ్ళి ఫోటో పని మొదలుపెట్టాను. దాన్నిండా చెదలు గీతలు. వచ్చే వారం అమ్మ మా ఇంటికొస్తోంది. అంతవరకు పెన్ను ముట్టుకోను. పక్కన రెండో కుర్చీ వేసే ఉంచాను.