ఇంతకీ బండి తోలొచ్చా, లేదా?

లాగ్ ఫైల్‌లో పాతిక ఎర్రర్లు కనబడితే మనం ముందు చేసేదేంటి? అసలు తప్పు ఏది, దానివల్ల పుట్టుకొచ్చినవి ఏవి అని విడగొడతాం. కారు తనిఖీ రిపోర్టునీ అలాగే చదవాలని నా అభిప్రాయం.

ఈమధ్య విజయనగరంలో మా నాన్నగారి కారుకి తనిఖీ చేయించాం. స్టీరింగ్ కింద నాలుగు లైన్లు: ఎడమ టై రాడ్ ఎండ్ లూజు, రాక్ బూటు చిరిగింది, ముందు ఎడమ టైరు లోపలి అంచు అరిగింది, వీల్ అలైన్‌మెంట్ తప్పింది. ఆ కిందే "వైపర్ రబ్బరు మార్చాలి". అన్నిటికీ ఒకటే ఎర్ర టిక్కు! నాన్న అడిగింది మాత్రం ఒకే ప్రశ్న - "అదంతా సరేరా, ఇంతకీ శ్రీకాకుళం తోలొచ్చా, లేదా?" ఆ జవాబే అందులో లేదు.

టై రాడ్ అంటే స్టీరింగ్ రాక్‌నీ చక్రాన్నీ కలిపే కడ్డీ. దాని చివరి కీలు వదులైతే చక్రం తిన్నగా ముందుకి చూడదు, అలైన్‌మెంట్ తప్పుతుంది, టైరు ఓ పక్క అరుగుతుంది. అంటే నాలుగు లైన్లలో రెండు లక్షణాలే అయ్యుండొచ్చు. ముందు అలైన్‌మెంట్ చేయించి తర్వాత ఎండ్ మారిస్తే, మళ్ళీ అలైన్‌మెంట్‌కి డబ్బులు కట్టాలి. చిరిగిన బూటు వేరే సంగతి: నీళ్ళూ దుమ్మూ లోపలికెళ్ళి ఖరీదైన రాక్‌నే తినేస్తాయి.

కీలు పూర్తిగా ఊడితే? ఆ చక్రం ఇక మన మాట వినదు. నాతవలస దాటి పదహారో నంబరు హైవే మీద లారీల మధ్య అలా జరిగితే... ఊహించుకోండి. 2023 జూలైలో మారుతీ సుజుకీ 87,599 ఎస్-ప్రెస్సో, ఈకో బళ్ళని వెనక్కి పిలిచింది కూడా టై రాడ్‌లోని ఓ భాగంలో లోపం ఉండొచ్చనే.

"రూల్ ప్రకారం పాసే కదా" అనేవాళ్ళూ ఉంటారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వది, స్టీరింగ్ చక్రం దగ్గర 30 డిగ్రీల దాకా ఆటని ఒప్పుకుంటుంది. అది ఆఖరి హద్దు, ఆరోగ్యానికి కొలత కాదు.

మీరే చూసుకోవాలంటే, బండిని జాకీ మీద, స్టాండు మీద భద్రంగా నిలబెట్టి ముందు చక్రాన్ని కుడి ఎడమలు పట్టుకుని ఊపించండి. ఆట ఉంటే అనుమానం టై రాడ్ మీద. పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలిందా, బేరింగో బాల్ జాయింటో చూడాలి.

నాన్నకి చెప్పేశాను: ఎండూ బూటూ మార్చేదాకా బస్సే, ఆ తర్వాత అలైన్‌మెంట్, ఆఖర్న టైరు. వైపర్ వానలొచ్చేలోపు.

బగ్‌కి తీవ్రత రాయకపోతే మన టెస్టర్లని ఊరుకుంటామా? మెకానిక్‌నీ అడగండి: "ఏది ఇవాళ, ఏది ఈ నెల, ఏది తీరిగ్గా?" అని.