తల తిరగని కార్డుందా?

తల తిప్పితే ఎదురుగా ఉన్న బొమ్మ తిరగాలి. చూసేవాడి తల మాత్రం తిరగకూడదు! వర్చువల్ రియాలిటీ ఆటలకు గ్రాఫిక్స్ కార్డు కొనడమంటే ఇంతే. ఈ చిన్న ముక్క తెలియక వేలకు వేలు పోసేవారు కొందరు. తెలుసుకుని కొందామని సికింద్రాబాద్ పార్క్‌లేన్ దారి పట్టేవారు ఇంకొందరు.

శనివారం, ఉదయం పదకొండు దాటింది. ప్యారడైజ్ చౌరస్తాకు కూతవేటు దూరంలో చెనాయ్ ట్రేడ్ సెంటర్ షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. పూర్తి పేరుతో పిలిచేవారు తక్కువే, అందరికీ అది సీటీసీ. ఇరుకు వరండాలు, రెండు పక్కలా అగ్గిపెట్టెల్లాంటి దుకాణాలు, ఎక్కడ చూసినా అట్టపెట్టెల గుట్టలు. ఓ పక్క ప్రింటర్ కార్ట్రిడ్జిలు నింపుతున్నారు. ఇంకో పక్క లాప్‌టాప్ పొట్ట విప్పి దుమ్ము ఊదుతున్నారు. టీ గ్లాసుల స్టాండు పట్టుకున్న కుర్రాడు ఆ ఇరుకులోనే చేపలా ఈదుకుంటూ పోతున్నాడు.

ఆ జనంలోనే ఓ తండ్రీకొడుకులు. తండ్రి చేతుల్లో దుప్పట్లో చుట్టిన సీపీయూ, కొడుకు భుజాన స్కూలు బ్యాగు. జనగామలో పొద్దున్నే రైలెక్కి వచ్చారు. తండ్రికి ఊళ్లో ఫొటో స్టూడియో ఉంది. రీళ్ల కాలం పోయి డిజిటల్ వచ్చినప్పుడు ఆయన మొదటి కంప్యూటర్ కొన్నదీ ఇక్కడే. ఎంసెట్ ర్యాంకు తెచ్చుకున్న పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి అసెంబుల్డ్ సిస్టమ్ కొనిచ్చే తల్లిదండ్రులతో ఈ మెట్లు కిటకిటలాడిన రోజులవి. ఇప్పుడాయన వచ్చిన పని వేరు.

‘తల తిరగని కార్డుందా అన్నా? మావోడు అది కళ్లకు పెట్టుకుంటే పది నిమిషాలకే వాంతికొస్తందంటున్నడు’ అన్నాడు కౌంటర్ మీద బరువు దించుతూ.

దుకాణదారు నవ్వలేదు. ‘ముందు ఆ కళ్లకు పెట్టుకునేది చూపించు బాబూ’ అన్నాడు.

నిమ్మకాయ లెక్క

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపులు తిరుగుతుంటే నిమ్మకాయ వాసన చూసేవాళ్లు కనిపిస్తారు కదా! చెవి లోపలి భాగం ‘కదులుతున్నాం’ అంటుంది, ముందు సీటునే చూస్తున్న కళ్లు ‘లేదు, కూర్చునే ఉన్నాం’ అంటాయి. రెంటికీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది. హెడ్‌సెట్‌లోనూ ఇదే తంతు. తల తిప్పాక బొమ్మ ఓ క్షణం ఆలస్యంగా తిరిగితే ఒంటికి ఆ తేడా తెలిసిపోతుంది.

ఆ ఆలస్యం రాకుండా చూడాల్సింది గ్రాఫిక్స్ కార్డే. 2016లో ఓక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్ మార్కెట్లోకి వచ్చినప్పుడు రెండూ సెకనుకు 90 బొమ్మలు చూపించేవి. అంటే ఒక్కో బొమ్మ గీయడానికి కార్డుకు దొరికేది 11 మిల్లీ సెకన్లే! మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద సెకనుకు 60 బొమ్మలు ఆడించాలంటే కార్డు 12 కోట్ల చుక్కలు గీస్తే చాలు. ఆ తొలి హెడ్‌సెట్లకే 23 కోట్లు కావాల్సి వచ్చాయి. 2020లో వచ్చిన క్వెస్ట్ 2ను 90 బొమ్మల వేగంతో ఆడిస్తే లెక్క 63 కోట్లు దాటుతుంది. మామూలు తెరకు ఐదు రెట్లన్నమాట. పైగా, లెన్సుల వంపును సరిచేయడానికి ఆ తెర కన్నా పెద్ద బొమ్మనే గీయాల్సి ఉంటుంది.

సగటు చూస్తే సరిపోదు

కుర్రాడి బ్యాగులోంచి బయటపడింది క్వెస్ట్ 2. డాలస్‌లో ఉండే పెదనాన్న కొడుకు కొత్తది కొనుక్కుని, పాతది తమ్ముడికి ఇచ్చాడు. స్టూడియో కంప్యూటర్‌లో ఉన్నదేమో జీటీఎక్స్ 1050 టీఐ. 2016 నాటి కార్డు. 2021లో ఎందుకు కొన్నారంటే, అప్పుడు అంతకన్నా మంచిది అందుబాటు ధరకు దొరికితేగా! కొవిడ్ కొరతకు తోడు క్రిప్టో కరెన్సీ తవ్వేవాళ్లు కార్డుల్ని ఊడ్చుకుపోయిన ఏడాది అది.

‘వీడియోలో చూసిన. ఈ కార్డుకే సగటున అరవై ఫ్రేములు వస్తున్నయి’ అన్నాడు కుర్రాడు.

సరిగ్గా ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ‘గంటకు ఆరు బస్సులు’ అని బోర్డు పెట్టి, ఆరూ ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళ్లిపోతే? సగటు నిజమే, తర్వాత వచ్చిన ప్రయాణికుడికి మాత్రం పడిగాపులే. బొమ్మలూ అంతే. సగటు ఎంతైనా, ప్రతి బొమ్మా వేళకు రావాలి. ఒకటి తప్పితే సాఫ్ట్‌వేర్ పాత బొమ్మనే తల తిరిగిన వైపు కాస్త జరిపి అతుకేస్తుంది. ఎప్పుడో ఒక అతుకైతే కంటికి ఆనదు. అతుకుల మీద అతుకులు పడితే బొమ్మ వణుకుతుంది, అంచులు సాగుతాయి. నిమ్మకాయ అవసరం మొదలవుతుంది!

అయితే తప్పంతా కార్డుదే అనుకోనక్కర్లేదు. కుర్చీలో కూర్చునే ఆటలో పరుగులు తీస్తుంటే, ఎంత ఖరీదైన కార్డున్నా కొందరికి తిప్పుతుంది. అలాంటివారు నిలబడి ఆడే ఆటలతో, పది నిమిషాలతో మొదలుపెట్టడం మేలు.

ముందు హెడ్‌సెట్... తర్వాతే కార్డు

ఎంత పెట్టగలం అన్నదాంతో బేరం మొదలుపెడతారు చాలామంది. అనుభవమున్న దుకాణదారు మాత్రం నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. ఏ హెడ్‌సెట్? ఏ ఆటలు? ఏ ప్రాసెసర్? ఎన్ని వాట్ల ఎస్‌ఎంపీఎస్?

హెడ్‌సెట్ సంగతి ముందెందుకంటే, వాటిలో రెండు రకాలున్నాయి. వాల్వ్ ఇండెక్స్ లాంటివాటిని కార్డుకున్న డిస్‌ప్లే పోర్టుకే తగిలిస్తారు. క్వెస్ట్‌లు అలా కాదు, యూఎస్‌బీ కేబుల్‌తోనో, వైఫైతోనో కంప్యూటర్‌ను అందుకుంటాయి. అప్పుడు కార్డు బొమ్మ గీయడమే కాదు, గీసిన ప్రతి బొమ్మనీ అప్పటికప్పుడు వీడియోగా కుదించి పంపాలి. ఈ పని చేసే విభాగమే లేని కార్డులూ ఉన్నాయి. జీటీ 1030, ఆర్‌ఎక్స్ 6400, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అలాంటివే. తక్కువకు వస్తున్నాయి కదా అని క్వెస్ట్ కోసం కొంటే చేతులు కాల్చుకున్నట్టే.

ఆ మాట వినగానే తండ్రి చెవులు రిక్కించాడు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేశాక ఫైలు బయటికి తీయడానికీ అదే విభాగం పనికొస్తుంది మరి! కొడుకు ఆటకు, తండ్రి పనికి పొత్తు అక్కడ కుదిరింది.

ఇక ఆటలు. పాటకు తగ్గట్టు ఎదురొచ్చే ఘనాల్ని నరికే ‘బీట్ సేబర్’ తేలికైనది. 2020లో వచ్చిన ‘హాఫ్ లైఫ్: అలిక్స్’కు కనీసం జీటీఎక్స్ 1060 లేదా ఆర్‌ఎక్స్ 580 స్థాయి కార్డు, అందులో 6 జీబీ మెమరీ ఉండాలని తయారీదారులే చెప్పారు. విమానం నడిపే ‘ఫ్లైట్ సిమ్యులేటర్’ లాంటివి ఇంకా బరువు. వాటికి 8 జీబీ కూడా ఇరుకే, 12 లేదా 16 జీబీ ఉంటే నయం.

పేరు చూసి మోసపోవద్దు

జీబీలు ఎక్కువుంటే వేగం ఎక్కువని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. పాతకాలపు జీటీ 730లోనూ 4 జీబీ రకం ఉంది, దానితో వర్చువల్ రియాలిటీ కలలో మాటే! జీబీలు గోదాము లాంటివి. సరుకు మోసే కూలీలు వేరే.

పేరొకటే అయినా లోపలి సరుకు ఒకటి కాకపోవచ్చు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5060 టీఐలో 8 జీబీ, 16 జీబీ రెండూ ఉన్నాయి. బిల్లు మీద జీబీలు కూడా రాయించుకోవాలి. లాప్‌టాప్‌లలో చిక్కు మరీ ఎక్కువ. ఆర్‌టీఎక్స్ 4060 అని రాసున్న లాప్‌టాప్‌లో ఆ కార్డుకు 35 వాట్లే ఇచ్చి ఉండొచ్చు, 115 వాట్లు ఇచ్చి ఉండొచ్చు. ఆ తేడా ఆటలో తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ మాటేమిటి? 2022 సెప్టెంబరులో ఇథీరియం కొత్త పద్ధతికి మారడంతో తవ్వకాల కార్డులు గుట్టలుగా బజారుకెక్కాయి. రాత్రింబవళ్లు నడిచినంత మాత్రాన పాడైపోయాయని కాదు. కానీ ఎదురుగా అరగంట ఆట నడిపించి, ఫ్యాను చప్పుడు విని, పెట్టె మీది సీరియల్ నంబరు కార్డు మీదా ఉందో లేదో చూశాకే డబ్బు తీయాలి. పాత హెడ్‌సెట్లతోనూ జాగ్రత్త. విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ రకం చవగ్గా దొరుకుతున్నా, వాటికి కావాల్సిన ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2024లో విండోస్ 11 24హెచ్2 నుంచి తీసేసింది.

‘మిగిలినయా?’

కుర్రాడి మనసంతా 5060 టీఐ 16 జీబీ మీదే. అది కొంటే తండ్రి జేబులోని చిట్టీ డబ్బు యాభై వేలూ దాదాపు ఖాళీ. ఆ చిట్టీ కట్టింది తల్లి, వాషింగ్ మెషిన్ కోసమని.

దుకాణదారు సీపీయూ విప్పాడు. ప్రాసెసర్ ఐ5 10400, పర్వాలేదు. ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లది, మార్చాల్సిందే. టేపు పెట్టి క్యాబినెట్ లోపల పొడవు కొలిచాడు. 8 జీబీ ఉన్న మామూలు 5060 పెట్టెను కౌంటర్ మీద పెట్టి, ‘నీ హెడ్‌సెట్‌కు, నీ ఆటలకు ఇది చాలు బాబూ. దీంతోపాటు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తీస్కో. విమానాలు నడిపేటప్పుడు, హెడ్‌సెట్ మార్చినప్పుడు పెద్దది చూద్దాం’ అన్నాడు.

కుర్రాడి మొహం చిన్నబోయింది. ‘పెట్టి చూపిస్త. నచ్చకపోతే పెద్దదే తీస్కోండి’ అన్నాడాయన.

కార్డు బిగించి, ఆట ఎక్కించేసరికి గంట పట్టింది. కుర్రాడు హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. కుడికి, ఎడమకు, మళ్లీ కుడికి. పది నిమిషాలైంది, పావుగంటైంది. టీ కుర్రాడు కూడా ఆగి చూస్తున్నాడు. తీయమంటే తీయడే! చివరికి తండ్రి లాక్కుని తన కళ్లకు పెట్టుకున్నాడు. మెల్లగా పైకి చూశాడు, కిందికి చూశాడు, వెనక్కి తిరిగాడు. ఏళ్ల తరబడి ఫ్రేములోంచి లోకాన్ని చూసిన మనిషికి ఫ్రేము లేని బొమ్మ అదే మొదటిసారి.

జేబులో ఫోను మోగింది. హెడ్‌సెట్ తీయకుండానే తడుముకుని ఎత్తాడు.

‘మిగిలినయా?’ అవతలి నుంచి ఆమె గొంతు.

‘మిగిలినయ్. వచ్చేటప్పుడు నీ మెషిన్ ధర కూడా అడిగొస్తం’ అన్నాడాయన, తల ఎడమకు తిప్పుతూ.